అబ్రాహామునకు శిలాశాసనము కలదా?

ధ్యాన భాగములు: ఆదికాండము 12:1–4, 20:1–13, 23వ అధ్యాయము, హెబ్రీయులకు 11:8–10



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల సంఘములలో ఈ మధ్య ఒక ప్రశ్న తరచుగా వినవచ్చుచున్నది. పట్టణములలో చదువుకొను మన పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, ఆరాధన ముగిసిన పిమ్మట నెమ్మదిగా అడుగుచున్నారు: "అయ్యగారూ, అబ్రాహాము నిజముగా ఉండెనా? త్రవ్వకములలో ఆయన పేరు ఎక్కడనైనను దొరికినదా?" ఇట్లు అడుగు పిల్లవాడు అవిశ్వాసి కాడు. నమ్మవలెనను కోరిక గలవాడే అడుగును. లేనివాడు గుడికే రాడు.

ఈ ప్రశ్నకు రెండు విధముల జవాబులు మన మధ్య తిరుగుచున్నవి. మొదటిది ఫోనులలో వచ్చునది. "అబ్రాహాము ఇల్లు దొరికినది, సొదొమ పేరు గల పలక దొరికినది, శాస్త్రజ్ఞులు బైబిలును ఒప్పుకొనిరి" అని బొమ్మలతో సహా వచ్చును. పెద్దలు దానిని చూచి సంతోషించి పదిమందికి పంపుదురు. రెండవది చదువుకొన్నవారి నోట వచ్చునది. "ఏమియు దొరకలేదు, కావున అంతయు కట్టుకథ" అందురు. మొదటి జవాబు మనకు తీపిగా నుండును, రెండవది చేదుగా నుండును. అయితే తీపియైనంత మాత్రమున ఒక మాట నిజమగునా? దేవుని పక్షమున మాటలాడునప్పుడు ఉన్నదానికంటె ఎక్కువ చెప్పుట మనకు తగునా? ఈ నెల దీనిని నెమ్మదిగా ఆలోచింతము. ముందుగా భూమిలో ఏమి దొరికినదో చూచి, ఆ తరువాత మన మనస్సాక్షి యొద్దకు వత్తము.

1. పార చూపినది

అబ్రాహాము తండ్రియైన తెరహు కల్దీయుల ఊరను పట్టణమునుండి బయలుదేరెనని ఆదికాండము 11వ అధ్యాయము చెప్పుచున్నది. మన భాషలో ఊరనగా గ్రామము. అక్కడ ఆ పట్టణము పేరే ఊరు. అది నేటి ఇరాకు దేశపు దక్షిణ భాగములోనిదని పండితులలో ఎక్కువమంది తలంతురు. ఉత్తర దిక్కున మరియొక ఊరు ఉండెననువారును కొందరు కలరు. దక్షిణపు ఊరును 1922 మొదలు 1934 వరకు లియొనార్డ్ వూలీ అను ఇంగ్లీషు పురావస్తు శాస్త్రజ్ఞుడు త్రవ్వించెను. బ్రిటిష్ మ్యూజియమును, అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు మ్యూజియమును కలిసి ఆ పని చేయించెను.

అక్కడ దొరికినది చిన్న పల్లె కాదు. చంద్రదేవతకు కట్టిన మెట్లగోపురము ఇటుకల కొండవలె నిలిచియున్నది. దానిని క్రీ.పూ. 2100 ప్రాంతమున ఊర్-నమ్ము అను రాజు కట్టించెను. ఇరుకు సందులు, ముంగిలి చుట్టు గదులు గల ఇండ్లు, పిల్లలు వ్రాత నేర్చుకొనిన మట్టి పలకలు బయటపడెను. అంతకు ముందరి కాలపు రాజుల సమాధులలో బంగారము, వెండి, నీలపు రాళ్లు దొరికెను. ఒక సమాధి గుంటలో 74 మంది సేవకుల శవములు వరుసగా పరుండబెట్టబడియుండెను. ఆ సమాధులలోని ఎర్రని పూసలలో కొన్ని మన సింధునది ప్రాంతమునుండి వెళ్లినవి. అనగా అబ్రాహాము కాలమునకు ముందే ఆ దేశమునకును మన దేశమునకును బేరసారములుండెను.

దీనివలన మనకు ఒక సంగతి తెలియుచున్నది. ఊరినుండి బయలుదేరుట యనగా అడవినుండి నగరమునకు పోవుట కాదు. చదువు, కట్టడము, వర్తకము, పెద్ద గుడి గల నాగరికతను విడిచి గుడారములో నివసింప బోవుట. ఊరినుండి హారానుకు సుమారు వేయి కిలోమీటర్లు. మన హైదరాబాదు–విజయవాడ రహదారిని నాలుగు మారులు నడిచినంత దూరము. హారాను నేటి టర్కీ దేశములో ఆ పేరుతోనే యున్నది. అక్కడను చంద్రదేవత గుడియే ప్రసిద్ధి. యెహోషువ 24:2లో మన పితరులు అన్యదేవతలను పూజించిరని చెప్పబడిన మాట ఈ రెండు పట్టణములనుబట్టి చక్కగా బోధపడును. ఇంకొక సంగతి. సెరూగు, నాహోరు, తెరహు అను అబ్రాహాము పితరుల పేర్లను పోలిన గ్రామనామములు హారాను చుట్టుపట్లనే ఉండినట్లు ప్రాచీనపు మట్టి పలకలు చూపుచున్నవి.

1933లో సిరియా దేశములో యూఫ్రటీసు నది యొడ్డున స్థానికులు భూమి త్రవ్వుచుండగా తలలేని రాతి విగ్రహమొకటి బయటపడెను. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆంద్రె పారో అక్కడ త్రవ్వించగా మారి అను మహానగరము కనబడెను. అందులో ఇరువది వేల పలకలు దొరికెను. ఇవి క్రీ.పూ. 18వ శతాబ్దపువి. మందలతో సంచరించు తెగలను గూర్చి, వారి పెద్దలను గూర్చి, నిబంధన చేసికొనునప్పుడు పశువును వధించు ఆచారమును గూర్చి వాటిలో వ్రాయబడియున్నది. 15వ అధ్యాయములో అబ్రాహాము పశువులను ఖండించి ఎదురెదురుగా ఉంచిన సంగతి మీకు జ్ఞాపకము వచ్చును.

ఐగుప్తులో బెనీహసను అను చోట ఒక అధికారి సమాధి గోడమీద క్రీ.పూ. 1890 ప్రాంతపు చిత్రమొకటి కలదు. తూర్పు దేశమునుండి ఐగుప్తునకు వచ్చిన ఒక గుంపు అందులో నడచుచున్నది. రంగురంగుల వస్త్రములు, విండ్లు, ఒక వీణ, గాడిదలమీద పిల్లలు. వారు 37 మంది అని పక్కన వ్రాయబడియున్నది. కరవు కాలమున అబ్రాహాము ఇంటివారు ఐగుప్తునకు పోయినప్పుడు ఇట్లే కనబడియుందురేమో అని మన మనస్సునకు తోచును. వారే వీరని కాదు. వీరివంటివారు వారు.

1901–02లో దొరికిన హమ్మురాబి ధర్మశాసన స్తంభమును గూర్చి మీలో అనేకులు వినియుందురు. అందులో 282 శాసనములు కలవు. పిల్లలు లేని భార్య తన దాసిని భర్తకిచ్చిన పక్షమున, ఆ దాసి బిడ్డను కని యజమానురాలితో సమానురాలనని హెచ్చినయెడల, ఏమి చేయవలెనో 146వ శాసనము చెప్పుచున్నది. ఆమెను అమ్మరాదు, అయితే దాసులలో లెక్కింపవచ్చును. శారాయు హాగరును గూర్చిన కన్నీటి కథను దీని పక్కన పెట్టి చదివినయెడల, ఆ ఇంటిలో జరిగినది ఆ కాలపు లోకములో జరుగుచుండినదేయని తెలియును.

2. పార చూపనిది

ఇంతవరకు చెప్పినది విని మనస్సు ఉప్పొంగినవారు ఇకమీద చెప్పునది కూడ ఓపికతో వినవలెను.

ఇంతవరకు దొరికిన ఏ పలకమీదను, ఏ రాతిమీదను, మన అబ్రాహామని నిశ్చయముగా చెప్పదగిన పేరు లేదు. ఐగుప్తు రాజైన షీషకు కర్ణాకు గుడి గోడమీద వ్రాయించిన ఊళ్ల పట్టికలో "అబ్రాము కోట" అని చదువదగిన పేరొకటి కలదని కొందరందురు, కొందరు కాదందురు. అదియు అబ్రాహామునకు ఎన్నో వందల యేండ్ల తరువాతిది.

మరియు, తొందరపడి చెప్పిన మాటలు కొన్ని వెనుకకు తీసికొనవలసి వచ్చెను. ఊరిలో సుమారు పది అడుగుల మందమున ఒండ్రుమన్ను కనబడగా, వూలీగారు 1929లో ఇది నోవహు జలప్రళయపు గురుతు అని లోకమునకు తెలియజేసెను. వార్తాపత్రికలు దానిని చాటించెను. తరువాత చూడగా ఇతర పట్టణములలోని ఒండ్రు వేరు వేరు కాలములది. దగ్గరనే యున్న ఎరిదులో ఆ ఒండ్రే లేదు. అది ఆ ప్రాంతపు నది పొంగు మాత్రమే. ఆ సమాధులలోనే పొదకు ముందుకాళ్లు ఆనించి నిలుచున్న బంగారు మేకబొమ్మలు రెండు దొరికెను. వూలీగారు ఇస్సాకు బలి కథను తలంచుకొని వాటికి "పొదలో పొట్టేలు" అను పేరు పెట్టెను. ఆ పేరు చూచి అవి ఆదికాండము 22వ అధ్యాయమునకు సాక్ష్యమని తలంచువారు నేటికిని కలరు. అవి అబ్రాహామునకు ఎంతో ముందటి బొమ్మలు. పేరు మాత్రమే బైబిలుది. ఫోనులలో వచ్చు "అబ్రాహాము ఇల్లు" కూడ అట్టిదే. ఊరిలోని పాత ఇంటి పునాదులమీద 1990ల చివర గోడలు లేపి ఆ పేరు పెట్టిరి. ఆ ఇంటిలో ఆయన నివసించెననుటకు ఆధారము లేదు. 2021 మార్చి 6న రోమా పోపు ఫ్రాన్సిస్‌గారు ఊరును దర్శించి ప్రార్థించిరి. ఆ ప్రార్థన మంచిదే. కాని ప్రార్థన ఇటుకలకు ఆధారమును కలిగింపదు.

ఇరాకులోని నూజీ అను చోట 1925 మొదలు 1931 వరకు దొరికిన వేలకొలది పలకలలో దత్తత, వారసత్వము, దాసిని భార్యగా ఇచ్చుట మొదలగు ఆచారములు కనబడెను. వీటినిబట్టి అబ్రాహాము కాలము నిరూపింపబడినదని ఆల్‌బ్రైట్ వంటి పెద్ద పండితులు 1960ల వరకు ధైర్యముగా చెప్పిరి. 1974లో థామస్ థాంప్సను, 1975లో జాన్ వాన్ సెటర్స్ అనువారు గ్రంథములు వ్రాసి, అట్టి ఆచారములు వేయి సంవత్సరములకు పైగా అనేక దేశములలో నుండెననియు, వాటినిబట్టి ఒక మనుష్యుని కాలము నిర్ణయింపలేమనియు చూపిరి. సిరియాలోని ఎబ్లాలో 1975లో గొప్ప గ్రంథాలయము దొరికినప్పుడు, సొదొమ గొమొఱ్ఱాల పేర్లు అందులో నున్నవని ఒక పండితుడు చెప్పెను. ఇతరులు పలకలను సరిగా చదివి ఆ మాటను త్రోసివేసిరి. ఫోనులలో తిరుగుచున్నది అప్పుడు త్రోయబడిన ఆ మాటయే.

ఒంటెల సంగతియు కలదు. అబ్రాహామునకు ఒంటెలుండెనని ఆదికాండము చెప్పుచున్నది. ఇశ్రాయేలు దక్షిణమున రాగి గనుల యొద్ద దొరికిన ఎముకలను పరీక్షించి, బరువులు మోయు ఒంటెలు ఆ ప్రాంతమునకు క్రీ.పూ. 10వ శతాబ్దపు చివరి భాగముననే వచ్చెనని టెల్‌అవీవ్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఇద్దరు చెప్పిరి. 2014లో ఈ వార్త లోకమంతట ప్రాకెను. ఇతర దేశములలో ఒంటెను అంతకు ముందే మచ్చిక చేసిరని కొందరు జవాబు చెప్పిరి. ఈ వాదము ఇంకను నడచుచున్నది.

"కల్దీయుల ఊరు" అను పేరు మాత్రము సులభముగా బోధపడును. కల్దీయులను జాతి పేరు క్రీ.పూ. 9వ శతాబ్దమునుండియే పలకలలో కనబడుచున్నది. అబ్రాహాము కాలమున ఆ పేరు లేదు. ఇది అబద్ధమా? కాదు. సూర్యాపేట జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడినది. "మా తాతగారు సూర్యాపేట జిల్లాలో పుట్టిరి" అని ఒకడు చెప్పినయెడల, ఆయన పుట్టిననాడు ఆ జిల్లా లేదు గనుక తాతయే లేడందుమా? వినువారికి తెలియుటకై నేటి పేరు చెప్పెను, అంతే. ఆదికాండము 14:14లో దాను పేరు కలదు. న్యాయాధిపతులు 18:29 చూచినయెడల ఆ పట్టణమునకు ముందు లాయీషని పేరు. పరిశుద్ధ గ్రంథమే ఈ తాళపుచెవిని మన చేతికిచ్చుచున్నది. పాత సంగతిని తరువాతివారు తమవారికి బోధపడు పేర్లతో వ్రాసిరని దానివలన తెలియుచున్నది.

3. మన మట్టి చెప్పు పాఠము

దూరదేశముల మాట అటుండనిండు. మన చుట్టునున్న భూమి ఏమి నేర్పుచున్నది?

సూర్యాపేట ప్రక్కన పిల్లలమర్రిలో కాకతీయుల కాలపు గుడులు, 1195, 1208 సంవత్సరముల నాటి శాసనములు కలవు. ఫణిగిరి కొండమీద బౌద్ధుల స్తూపము, చెక్కిన తోరణములు బయటపడెను. అక్కడనే 2024లో ఒక కుండలో 3,730 సీసపు నాణెములు దొరికెను. నాగార్జునకొండ లోయలో, ఆనకట్ట నీళ్లు వచ్చి ముంచకముందే, 1954 మొదలు 1960 వరకు సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యమున గొప్ప త్రవ్వకములు జరిగి, ఇక్ష్వాకుల రాజధాని తేటపడెను. ఆ నీళ్లే నేడు ఎడమ కాలువ వెంట మిర్యాలగూడ, కోదాడ పొలములకు పారుచున్నవి.

ఈ రాళ్లు ఎవరిని జ్ఞాపకముంచుకొనెను? గుడి కట్టించిన రెడ్డిదొరను, భూమి దానమిచ్చిన రాణిని, స్తంభము నిలిపిన వర్తకుని. ఆ గుడికి రాయి మోసినవాని పేరు ఎక్కడ? ఆ చెరువు మట్టి తట్ట నెత్తిన పెట్టుకొనిన స్త్రీ పేరు ఎక్కడ? మన గొల్లవారిని చూడుడు. వేసవిలో గడ్డి ఎండినప్పుడు మందలను తోలుకొని నెలల తరబడి దక్షిణమునకు పోవుదురు. రైతులు ఎరువుకొరకు ఆ మందలను తమ చేలలో రాత్రులు పెట్టించుకొని ధాన్యమో డబ్బో ఇత్తురు. పది రాత్రులు ఒక చేలో మంద నిలిచిన తరువాత, ఒక్క వాన కురిసినయెడల అక్కడ ఏమి మిగులును? మూడు రాళ్ల పొయ్యి మసికూడ మిగులదు. నూరేండ్ల తరువాత ఎవడైనను ఆ చేను త్రవ్వి, "ఇచ్చట గొల్లవాడెవడును నిలువలేదు" అని చెప్పినయెడల మనము నవ్వుదుము గదా!

అబ్రాహాము గుడారపు మనుష్యుడు. అతడు కట్టినవి మట్టి బలిపీఠములు, త్రవ్వినవి బావులు. అట్టివాని పేరు రాతిమీద లేదనుట ఆశ్చర్యము కాదు. దావీదు రాజే అయినను, 1993లో ఉత్తర ఇశ్రాయేలులోని దానులో "దావీదు ఇల్లు" అని వ్రాసిన క్రీ.పూ. 9వ శతాబ్దపు రాయి దొరకువరకు, అతనికిని రాతి సాక్ష్యము లేకుండెను. "దొరకలేదు" అనుట ఒక మాట, "లేడు" అనుట వేరొక మాట. మొదటి మాటనుండి రెండవదానికి దూకువాడు తెలివిగలవాడు కాడు. ఆలాగే, "ఆచారములు సరిపడినవి" అనుట ఒక మాట, "మనిషి దొరికెను" అనుట వేరొక మాట. మొదటి మాటనుండి రెండవదానికి దూకు విశ్వాసియు అదే తప్పు చేయుచున్నాడు.

నా మట్టుకు నేను అబ్రాహాము జీవించెనని నమ్ముచున్నాను. పార నిరూపించెనని మాత్రము చెప్పను. నేను నమ్ముటకు దేవుని వాక్యము గాక ఒక సామాన్యమైన ఆలోచనయు సహాయము చేయుచున్నది. తరువాతి కాలమువారు ఒక మూలపురుషుని కల్పించుకొనినయెడల, తమ ధర్మశాస్త్రమును నిష్ఠగా గైకొనువానిని కల్పించుకొందురు. ఈయన అట్లు లేడు. శారా తన తండ్రి కుమార్తెయని 20:12లో ఒప్పుకొనుచున్నాడు. అట్టి వివాహమును లేవీయకాండము 18వ అధ్యాయము నిషేధించుచున్నది. బెయేర్షెబాలో పిచుల వృక్షము నాటి ప్రార్థన చేసెను. బలిపీఠము ప్రక్కన చెట్టు నాటరాదని ద్వితీయోపదేశము 16వ అధ్యాయము చెప్పుచున్నది. తమకు ఇబ్బంది కలిగించు సంగతులను చెరిపివేయక కాపాడిన జ్ఞాపకమును నేను గౌరవించుచున్నాను. ఇది రుజువు కాదు. నమ్మకమునకు తగిన హేతువు మాత్రమే.

4. దేవుని పక్షమున కూట సాక్ష్యము

ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చితిమి. కొందరు మంచి విశ్వాసులు ఇట్లందురు: "అయ్యగారూ, ఆ ఫోను వార్త నిజమో కాదో మాకేల? చదువురాని అమ్మలు దానిని విని బలపడుచున్నారు. ఒక ఆత్మ నిలబడుచున్నయెడల నష్టమేమి?"

నష్టము కలదు. ఆ అమ్మ మనుమడు ఇంజనీరింగు కాలేజీలో చదువుచున్నాడు. ఒక్క దినమున అతడు వెదకి, ఆ వార్త అబద్ధమని తెలిసికొనును. అప్పుడు అతడు ఆ వార్తను మాత్రమే విడువడు. "వీరు ఇందులో అబద్ధమాడిరి, తక్కినవాటిలో ఆడలేదని ఏమి నిశ్చయము?" అని పునరుత్థానమును కూడ అదే గంపలో వేయును. గోడకు ఆనించిన పుచ్చిన కర్ర గోడను నిలుపదు. తాను పడునప్పుడు గోడను కూడ లాగును.

అయితే నష్టము కలుగునను భయముతో మాత్రమే సత్యము చెప్పువాడు, ఎవరికిని తెలియదను ధైర్యము కలిగినప్పుడు అబద్ధము చెప్పును. కావున ఇంకను లోతునకు పోవలెను. యోబు 13వ అధ్యాయములో యోబు తన స్నేహితులను నిలువదీసి అడిగిన ప్రశ్న గొప్పది. దేవునికి సహాయము చేయుటకై వక్రమైన మాటలు పలుకుదురా, ఆయనకు వకీళ్లుగా నిలిచి పక్షపాతము చూపుదురా, ఆయన మిమ్మును పరిశోధించినప్పుడు ఏమగును అని అతడు అడిగెను. ఆ స్నేహితులు దేవుని దూషించినవారు కారు. దేవుని వెనుక వేసికొని మాటలాడినవారు. తుదకు దేవుడు కోపించినది వారిమీదనే. సత్యదేవునికి అబద్ధపు సాక్షి అవసరము లేదు. తొమ్మిదవ ఆజ్ఞ పొరుగువానిమీద చెప్పు సాక్ష్యమునకు మాత్రమే కాదు, పరలోకపు న్యాయస్థానము తరపున చెప్పు సాక్ష్యమునకును వర్తించును.

ఈ విషయములో అబ్రాహాము జీవితమే మనకు పాఠము. ఐగుప్తులో ఒకమారు, గెరారులో మరియొకమారు, అతడు శారాను గూర్చి "నా చెల్లెలు" అని చెప్పెను. ఎందుకు? తాను చచ్చినయెడల వాగ్దానము ఏమగునో అను భయము అతనికి ఉండియుండవచ్చును. 20:11లో అతడే కారణము చెప్పుచున్నాడు: ఈ స్థలమున దేవుని భయము లేదని తలంచితిని. ఆలోచించుడి! దేవుని వాగ్దానమును మోయుచున్నవాడు, ఆ వాగ్దానమును కాపాడుకొనుటకు సగము నిజమును అడ్డము పెట్టుకొనెను. చెల్లెలనుట పూర్తిగా అబద్ధము కాదు. అందువలననే అది ప్రమాదకరము. పర్యవసానమేమి? శారాకు ఆపద. అబీమెలెకు ఇంటికి శిక్ష. తుదకు దేవుని ఎరుగడనుకొనిన ఆ రాజే ప్రవక్తను నిలువదీసి, నీవు చేయదగని పని చేసితివని మందలించెను. దేవుని భయము అక్కడను ఉండెను. దానిని అబ్రాహాము చూడలేదు.

మనమును అట్లే తలంచుచున్నాము. "కాలేజీలో, శాస్త్రజ్ఞుల మధ్య, దేవుని భయము లేదు. వారి యెదుట నిజమును కొంచెము సాగదీసి చెప్పనిదే మన విశ్వాసము బ్రదుకదు." ఇట్లు మనము అబ్రాహామును కాపాడుటకై అబ్రాహాము చేసిన తప్పునే మరల చేయుచున్నాము! మట్టి పలకను ఓపికగా చదివి, "నేను చదివినది తప్పు" అని ఒప్పుకొను పండితునిలో, అతడు క్రైస్తవుడు కాకపోయినను, సత్యమునకు భయపడు గుణము కలదు. అబీమెలెకు నోట వచ్చిన మందలింపును అబ్రాహాము వినవలసి వచ్చినట్లు, మనమును వారి నోట వచ్చు దిద్దుబాటును వినవలెను.

మరియు పరిశుద్ధ గ్రంథము ఈ తప్పును దాచలేదు. తన మూలపురుషుని పరువు కాపాడుటకు అది రెండు అధ్యాయములను కత్తిరింపలేదు. ఇంత నిజాయితీ గల గ్రంథమును నిజాయితీ లేని మాటలతో కాపాడబూనుట దానికి అవమానము.

5. పట్టా లేని వారసుడు

"అయితే అయ్యగారూ, రుజువు లేనప్పుడు మేము దేనిమీద నిలుతుము?" అని అడుగుదురు. మన విశ్వాసము కాలముతో సంబంధము లేని నీతికథ కాదు. మన ప్రభువు పొంతి పిలాతు కాలమున సిలువ వేయబడెనని ఒప్పుకొనుచున్నాము. ఆ పిలాతు పేరు చెక్కిన రాయి 1961లో కైసరయలో దొరికెను. జరిగిన సంగతులమీద నిలిచిన విశ్వాసము గనుక పారను చూచి భయపడము. త్రవ్వువారిని త్రవ్వనిండు. అయితే పార చూపునది స్థలమును, కాలమును, ఆచారమును. ఒక మనుష్యుని హృదయములో దేవుడు మాటలాడిన సంగతిని ఏ పొరలోను చూపలేదు. అబ్రాహామే తన గుడారపు గుంజపై సంతకము చేసి పెట్టినను, ఆ గుంజ దొరికినను, అతనిని పిలిచినది దేవుడని ఆ గుంజ చెప్పదు.

హెబ్రీ పత్రిక 11వ అధ్యాయము అబ్రాహాము విశ్వాసమును ఎట్లు వర్ణించినది? ఎక్కడికి పోవలెనో ఎరుగక బయలుదేరెను. అతని చేతిలో పలక లేదు, పటము లేదు, పట్టా లేదు. పిలిచినవాడు నమ్మదగినవాడనునదియే అతని ఆధారము. నల్లగొండ సీమకు 1890 ప్రాంతమున రష్యా దేశమునుండి వచ్చిన మెన్నొనైటు మిషనెరీ పేరు కూడ అబ్రాహామే, అబ్రాహాము ఫ్రీసెను. ఆయనను తన దేశమునుండి, బంధువులయొద్దనుండి బయలుదేరదీసినది పురావస్తు నివేదిక కాదు. ఊరిలో వూలీగారి త్రవ్వకములు ఇంకను జరుగలేదు, మారి ఇసుకలో నిదురించుచుండెను. వాక్యము చాలెను.

అబ్రాహాము జీవితములో భూమికి సంబంధించిన పత్రము వంటిది ఒకటే కలదు. అది 23వ అధ్యాయము. శారా చనిపోయెను. దేశమంతయు నీదని వాగ్దానము పొందినవానికి భార్యను పాతిపెట్టుటకు ఆరడుగుల నేల లేదు. హేతు కుమారుల యెదుట లేచి వంగి, నేను పరదేశిని అని చెప్పుకొనెను. ఎఫ్రోను ఊరకే ఇత్తునని మర్యాదగా పలికి, వెంటనే నాలుగువందల తులముల వెండి అని ధర చెప్పెను. ఈ బేరపు తీరు మన అంగళ్లలో తెలియనివారెవరు? నాణెములు ఇంకను పుట్టని కాలమది, గనుక వెండిని తూచెను. మన పాత తులమునకు ఆ తులమునకు ఇంచుమించు ఒకే బరువు; మొత్తము నాలుగున్నర కిలోల వెండి. పొలము, గుహ, హద్దులలోని చెట్లు సహా, ఊరి గవినిలో సాక్షుల యెదుట స్థిరపరచబడెను. మన దస్తావేజులలో నలుదిక్కుల హద్దులు చెప్పి చెట్టుచేమలతో సహా అని వ్రాయుదుము గదా, అట్లే. హెబ్రోనులో ఆ స్థలమని తరతరములుగా నమ్మబడిన గుహమీద హేరోదు కట్టించిన పెద్ద రాళ్ల ప్రాకారము నేటికిని నిలిచియున్నది.

మన సంఘములలో అనేకులు సొంత సెంటు భూమి లేక కూలికి పోవువారు. సమాధి స్థలముకొరకు అధికారుల చుట్టు తిరిగిన పల్లెలు మనకు తెలియును. అట్టివారికి ఈ అధ్యాయము దగ్గరి బంధువు వంటిది. విశ్వాసుల తండ్రికి పట్టా ఉన్న భూమి సమాధి మాత్రమే. అయినను అతడు బలవంతముగా తీసికొనలేదు, ఊరకే ఇత్తుమన్నను ఋణపడలేదు, ధర తగ్గింపుమని అబద్ధమాడలేదు. నిండు వెల తూచి ఇచ్చెను. వాగ్దానమును నమ్మినవాడు గనుక తొందరపడలేదు. గెరారులో సగము నిజముతో తన్ను కాపాడుకొనిన మనుష్యుడు మక్పేలాలో నిండు తూకముతో నిలిచెను. దేవుడు అతనికి నేర్పినది ఇదియే. మనకును నేర్పవలసినది ఇదియే.

6. మనము చేయవలసినది

సంఘపెద్దలారా, సండేస్కూలు ఉపాధ్యాయులారా, ఊరు, మారి, బెనీహసనులను గూర్చి పిల్లలకు సంతోషముతో చెప్పుడి. ఆ లోకము ఎట్లుండెనో తెలిసినయెడల ఆదికాండము కన్నులకు కట్టును. అయితే "ఇట్టి ఆచారములుండెను" అని చెప్పుడి. "ఇది రుజువు" అని చెప్పకుడి.

తలిదండ్రులారా, మీ పిల్లవాడు ప్రశ్న అడిగినప్పుడు కసరకుడి. తెలియని సంగతిని తెలియదనుట పాపము కాదు. ఫోనులో వచ్చిన వార్త ఎవరు వ్రాసిరో, ఎక్కడనుండి వచ్చెనో తెలియకుండ మరియొకరికి పంపకుడి. సాక్షిగా నిలుచునప్పుడు చూచినదే చెప్పవలెనని ఊరి పంచాయతీలోనే నేర్చుకొంటిమి. దేవుని సంఘములో అంతకంటె తక్కువ యెట్లు చెప్పుదుము?

యౌవనస్థులారా, మీ ప్రశ్నలతో గుడికి రండి. రాతిమీద పేరు లేదని అబ్రాహామును విడువకుడి. మీ ముత్తవ్వ పేరు ఏ రాతిమీదను లేదు. అయినను ఆమె నమ్మినది గనుకనే మీరు నేడు ఈ బల్లమీద కూర్చుండియున్నారు. అబ్రాహాము సంతానము ఆకాశ నక్షత్రములవలె ఉండునని దేవుడు చెప్పెను. ఆ సంతానములో చేరినవారు మూసీ యొడ్డునను, కృష్ణ యొడ్డునను నేడు పాడుచున్నారు. దీనిని నేను శాస్త్రజ్ఞుని యెదుట రుజువుగా పెట్టను. మీ యెదుట మాత్రము కృతజ్ఞతతో పెట్టుచున్నాను.

ప్రార్థన: అబ్రాహాము దేవా, మా నోటికి సత్యమును, మా మనస్సునకు ఓర్పును దయచేయుము. నీ నామమును కాపాడుదుమని నీకు ఇష్టము లేని మాటలు పలుకకుండ మమ్మును ఆపుము. ఎక్కడికి పోవలెనో ఎరుగని దినములలో, పిలిచిన నిన్ను ఎరిగి నడుచునట్లు సహాయము చేయుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.